గోధుమ వలయంలో ఇనుము లెక్క ఎంత?

ఇంటర్‌లో లవణ విశ్లేషణ చేసిన ఎవరికైనా గోధుమ వలయ పరీక్ష గుర్తుంటుంది. నైట్రేట్ ద్రావణానికి తాజా ఫెర్రస్ సల్ఫేట్ కలిపి, పరీక్షనాళిక గోడ వెంట గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం మెల్లగా పోస్తే, రెండు పొరలు కలిసే చోట గోధుమ రంగు వలయం ఏర్పడుతుంది. ఇనుము చుట్టూ ఐదు నీటి అణువులు, ఒక నైట్రిక్ ఆక్సైడ్ (ఎన్‌ఓ) లైగాండ్‌గా చేరిన సంశ్లిష్టం అది. దానిలో ఇనుము ఆక్సీకరణ స్థితి ఎంత? నేనుండే మయూర్ విహార్‌లో జేఈఈకి చదివే పిల్లలైనా, విజయవాడలో ఎంసెట్ రాసిన పిల్లలైనా తడుముకోకుండా చెప్పే జవాబు ఒక్కటే: ప్లస్ 1.

ఈ జవాబును ఇక వదిలేయాలని నా అభిప్రాయం.

ప్లస్ 1కి చూపే ఆధారం అయస్కాంత భ్రామకం. అది సుమారు 3.9 బోర్ మాగ్నటాన్లు, అంటే జతకూడని ఎలక్ట్రాన్లు మూడు. ఎన్‌ఓ తన ఎలక్ట్రాన్‌ను ఇనుముకిచ్చి ఎన్‌ఓ ప్లస్‌గా మారితే, ప్లస్ 1 ఇనుములో సరిగ్గా మూడు మిగులుతాయి. కానీ ఇనుము ప్లస్ 2గానే ఉండి, దాని నాలుగు ఎలక్ట్రాన్లకు ఎన్‌ఓలోని ఒక ఎలక్ట్రాన్ వ్యతిరేక దిశలో నిలిచినా మిగిలేవి మూడే. ఇనుము ప్లస్ 3గా మారి, దాని ఐదింటికి ఎన్‌ఓ మైనస్‌లోని రెండు ఎదురు నిలిచినా మూడే. మూడు కథలకూ ఒకే ముగింపు. అయస్కాంత కొలత ఒక్కటే వీటిలో ఏది నిజమో తేల్చలేదు.

2002లో జర్మనీలోని ఎర్లాంగెన్ పరిశోధకులు మోస్‌బావర్, పరారుణ వర్ణపటాలతో పరిశీలించి ప్లస్ 3 వైపు మొగ్గారు. 2019లో మ్యూనిక్ పరిశోధకులు ఈ సంశ్లిష్టాన్ని స్ఫటికంగా పట్టుకోగలిగారు. కంప్యూటర్ లెక్కలు జతకలిశాక వాదన ప్లస్ 2, ప్లస్ 3ల మధ్యే మిగిలింది. ప్లస్ 1ని సమర్థించే ఆధారం లేదు. ఇనుము, ఎన్‌ఓ ఎలక్ట్రాన్లను పంచుకుంటున్నప్పుడు వాటాలు వేయడమే కష్టం. అందుకే ఎనెమార్క్, ఫెల్తమ్ 1974లోనే, పంపకం జోలికి పోకుండా మొత్తం ఏడు ఎలక్ట్రాన్లుగా రాసే పద్ధతిని సూచించారు. భౌతికశాస్త్రం చదివిన నాకు అది నిజాయితీగల పద్ధతిగా కనిపిస్తుంది. ఆక్సీకరణ స్థితి తూకం వేయగల రాశి కాదు, మనం పెట్టుకున్న లెక్క.

అలాగని కంప్యూటర్ చెప్పిందే వేదం కాదు. వాల్టర్ కోన్‌కు 1998లో నోబెల్ తెచ్చిన సాంద్రతా ప్రమేయ సిద్ధాంతమే (డీఎఫ్‌టీ) నేడు ఇలాంటి లెక్కలకు వెన్నెముక. అయితే ఆచరణలో దాన్ని ఉజ్జాయింపులతోనే వాడాలి. బాగా ప్రచారంలో ఉన్న బీ3ఎల్‌వైపీ అనే ఉజ్జాయింపులో 'ఎక్స్చేంజ్' అనే పదం వాటా 20 శాతం. కొన్ని ఇనుము సంశ్లిష్టాలకు అది స్పిన్ స్థితిని తప్పుగా చెబుతోందని గమనించిన రైహర్ బృందం 2001లో ఆ వాటాను 15 శాతానికి తగ్గించింది. ఒక్క అంకె మారితే ఇనుము స్వభావమే మారినట్టు కనిపించవచ్చు. అందుకే ఏ పద్ధతితో లెక్కించారో, ఏ కొలతతో సరిచూశారో చెప్పని 'కంప్యూటర్ తేల్చింది' వార్తను నేను నమ్మను, మీరూ నమ్మవద్దు.

ఈ వివేకం డిగ్రీ కాలేజీలోనే అలవడాలి. ఉదాహరణకు నికెల్‌కు మూడు కార్బన్ మోనాక్సైడ్లు, నాలుగోదిగా ఒక ఫాస్ఫీన్ ఉన్న సంశ్లిష్టాలు తీసుకోండి. ఎలక్ట్రాన్లను ధారాళంగా ఇచ్చే ట్రైటెర్షరీబ్యూటైల్ ఫాస్ఫీన్ ఉంటే కార్బన్ మోనాక్సైడ్ కంపనం తరంగ సంఖ్య 2056. ఎలక్ట్రాన్లను లాగే ఫాస్ఫరస్ ట్రైఫ్లోరైడ్ ఉంటే 2111. లైగాండ్ మారితే పక్క బంధం బలం ఎలా మారుతుందో చాడ్విక్ టోల్మన్ 1970లలో ఇలా కొలిచి చూపారు. నికెల్ కార్బొనైల్ ఘోరమైన విషం, ఏ కాలేజీ ప్రయోగశాలలోనూ ముట్టుకోకూడదు. అదే లెక్కను మామూలు కంప్యూటర్ మీద ఏ ప్రమాదం లేకుండా చేయవచ్చు. ఆర్కా వంటి సాఫ్ట్‌వేర్ విద్యాసంస్థలకు ఉచితం. లెక్కలో వచ్చే అంకె కొలతతో అచ్చంగా కలవదు, కానీ పెరుగుదల, తగ్గుదల సరిగ్గా వస్తాయి. ఏది నమ్మాలో, ఎంత నమ్మాలో విద్యార్థికి అక్కడే తెలుస్తుంది.

ప్రాక్టికల్స్‌కే సమయం చాలని చోట ఇదొకటా అని అధ్యాపకులు అడగవచ్చు. గోధుమ వలయం పరీక్షనాళికలోనే చూడాలి, దాన్ని తీసేయమనడం లేదు. చూసినదాని గురించి ఒక పూట ఆలోచించే అవకాశమివ్వమంటున్నాను.

ఈ రంగం మనకు పరాయిది కాదు. రోల్డ్ హాఫ్‌మన్ దగ్గర పనిచేసిన ఈ.డి. జెమ్మిస్ 1980లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చేరి, బంధాలను లెక్కించే ఒక పరంపరనే నిలబెట్టారు. ఆయన శిష్యుడు జి. నరహరి శాస్త్రి 2011లో భట్నాగర్ పురస్కారం అందుకున్నారు. ఐఐటీ హైదరాబాద్‌లో ఇప్పుడు 'పరమ్ సేవ' సూపర్‌కంప్యూటర్ ఉంది. ఇంత ఉన్నా ఆ చర్చలేవీ ఇంటర్ పుస్తకం దాకా రాలేదు.

పాఠ్యపుస్తక సంఘాలు వచ్చే ముద్రణలో 'ప్లస్ 1' స్థానంలో మూడు అవకాశాలనూ, వాటిని వేరుచేసే ఆధారాలనూ ఒక పేరాలో రాయాలి. అప్పటిదాకా పరీక్షల్లో ఆ ప్రశ్న అడగకుండా ఉండటమే న్యాయం. లేకపోతే నిజం తెలిసి రాసిన విద్యార్థికే మార్కు పోతుంది.