లోపం బ్రౌజర్‌ది కాదు, లైబ్రరీది

2023 సెప్టెంబర్ 7న ఆపిల్ ఐఫోన్లకు అత్యవసర అప్‌డేట్ విడుదల చేసింది. వాషింగ్టన్ కేంద్రంగా ఉన్న ఓ పౌరసమాజ సంస్థ ఉద్యోగి ఫోన్‌లో పెగసస్ నిఘా సాఫ్ట్‌వేర్ జాడను టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన సిటిజన్ ల్యాబ్ పసిగట్టడమే దానికి కారణం. ఈ దాడికి బాధితులు లింకేదీ నొక్కనక్కర్లేదు. విషపు బొమ్మ దాచిన సందేశం వచ్చి పడితే చాలు. నాలుగు రోజులకే గూగుల్ కూడా క్రోమ్‌లో వెబ్‌పీ బొమ్మలకు సంబంధించిన లోపాన్ని సరిదిద్దింది. రెండింటి మూలమూ ఒకటేనని భద్రతా పరిశోధకులు అంచనాకు వచ్చారు.

ఆ మూలం లిబ్‌వెబ్‌పీ. గూగుల్ 2010లో తెచ్చిన వెబ్‌పీ బొమ్మలను తెరిచే ఉచిత లైబ్రరీ ఇది. నాణ్యత తగ్గకుండా కుదించిన బొమ్మను విప్పేందుకు ఇది హఫ్‌మన్ కోడ్ పట్టికలు కడుతుంది. వాటికి ఎంత మెమరీ కావాలో రూపకర్తలు ముందే లెక్కగట్టారు. అయితే ఆ లెక్క సక్రమమైన కోడ్‌లకే సరిపోతుంది. కోడ్ చెల్లుతుందో లేదో పూర్తిగా తేలకముందే పట్టిక నింపడం మొదలయ్యేది. కావాలని వక్రంగా పేర్చిన కోడ్ ఇస్తే, రాత కేటాయించిన హద్దు దాటి పక్క మెమరీని పాడుచేసేది. బఫర్ ఓవర్‌ఫ్లో అంటే ఇదే. దాన్ని నేర్పుగా వాడుకుంటే ప్రోగ్రామ్ పగ్గాలు దాడిచేసేవారి చేతికి చిక్కుతాయి. ఏళ్ల తరబడి సాగిన యాంత్రిక పరీక్షలకూ ఇది దొరకలేదు. అంత నిర్దిష్టమైన కోడ్ అమరిక యాదృచ్ఛికంగా తారసపడటం అరుదు.

అసలు గందరగోళం ఆ తర్వాతే మొదలైంది. గూగుల్ మొదట దీన్ని ఒక గుర్తింపు నంబరుతో క్రోమ్ లోపంగా నమోదు చేసింది. కానీ ఫైర్‌ఫాక్స్, థండర్‌బర్డ్, ఎలక్ట్రాన్ అనే సాఫ్ట్‌వేర్ చట్రంతో కట్టిన అనేక డెస్క్‌టాప్ యాప్‌లలోనూ అదే లైబ్రరీ ఉంది. రెండు వారాలకు లైబ్రరీ పేరిట పదికి పది తీవ్రతతో మరో నంబరు ఇచ్చి, పునరుక్తి అంటూ దాన్ని ఉపసంహరించారు. ఈలోగా చాలామంది డెవలపర్లు ఇది తమ సమస్య కాదనుకునే వీలు ఏర్పడింది.

మందు రోజుల్లోనే సిద్ధమైంది. ఎవరికి వేయాలో చెప్పే చిట్టా మాత్రం లేదు. యాప్‌లు లైబ్రరీ నకలును తమలోనే కలుపుకుంటే, ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్ దాన్ని సరిచేయలేదు. అందుకే సాఫ్ట్‌వేర్‌లో ఏయే భాగాలున్నాయో తెలిపే జాబితా కావాలి. 2021 మేలో అమెరికా అధ్యక్షుడి ఉత్తర్వు ఈ దారి చూపింది. 2024 అక్టోబర్‌లో మన దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ కూడా మార్గదర్శకాలిచ్చింది. వాటిని సలహాగా వదిలేయకుండా, జాబితా ఇవ్వని సాఫ్ట్‌వేర్‌ను కొనబోమని ప్రభుత్వ టెండర్లలోనే షరతు పెట్టాలి.