సర్పి తలా తోకా కలిస్తే ప్రమాదమా?

ప్రశ్న: డాక్టరుగారూ, మావారికి 52 ఏళ్ళు. రెండేళ్ళ క్రితం మూత్రపిండం మార్పిడి జరిగింది. నాలుగు రోజులుగా నడుముకు కుడివైపు మంట, నిన్నటినుంచి నీటిపొక్కులు. ఇది సర్పి అనీ, పసరు పూయించి, తగ్గేదాకా ఇంగ్లీషు మందులన్నీ ఆపమనీ మా అత్తగారు అంటున్నారు. నడుము చుట్టూ తిరిగి తలా తోకా కలిస్తే మనిషి దక్కడట. నిజమేనా?
– ఒక సోదరి, తణుకు

జవాబు: అమ్మా, పత్రికలో జవాబు వచ్చేదాకా ఆగే జబ్బు కాదిది. మీ ఉత్తరం నాకు చేరేసరికే మూడు రోజులు గడిచాయి. అందుకే ఆ పూటే ఫోన్ చేసి, ఆయన్ను వెంటనే మూత్రపిండాల డాక్టరుకు చూపించమన్నాను. ఇక్కడ రాస్తున్నది మిగిలిన పాఠకుల కోసం.

జబ్బును మీ అత్తగారు సరిగ్గానే పోల్చారు. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ తగ్గినా ఆ వైరస్ ఒంట్లోంచి పోదు. వెన్నెముక పక్కనున్న నరాల మొదళ్ళలో ఏళ్ళ తరబడి దాగి వుంటుంది. వయసు మళ్ళినా, నిరోధకశక్తి తగ్గినా మేలుకుని, ఆ నరం వెంబడే చర్మం మీదకు వస్తుంది. ఈ నరాలు కుడి ఎడమలకు వేర్వేరు. అందుకే సర్పి సాధారణంగా నడిమధ్యకు వచ్చి ఆగిపోతుంది. తలా తోకా కలవడానికి అక్కడ పామే లేదు.

అలాగని మీ భయాన్ని కొట్టిపారెయ్యను. కొత్త మూత్రపిండాన్ని శరీరం పరాయిదని తిప్పికొట్టకుండా మీవారి నిరోధకశక్తిని మందులతో అణచి వుంచారు. కాన్సర్ మందులు ఎక్కించుకుంటున్నవారు, కీళ్ళవాతానికి నెలల తరబడి స్టెరాయిడ్లు మింగుతున్నవారు, హెచ్.ఐ.వి. వున్నవారు కూడా ఇదే కోవ. వీరిలో వైరస్ ఒక్క నరంతో ఆగక ఒళ్ళంతా పొక్కులై, ఊపిరితిత్తులకూ, కాలేయానికీ, మెదడుకూ పాకవచ్చు. అప్పుడు ఆస్పత్రిలో చేర్చి ఎసైక్లోవిర్ రక్తనాళంలోకి ఎక్కించవలసి వుంటుంది.

మామూలు మనిషికి ఎసైక్లోవిర్ 800 మిల్లీగ్రాముల బిళ్ళ రోజుకు 5 సార్లు, 7 రోజులు. పొక్కులు కనిపించిన 72 గంటల్లోగా మొదలుపెడితే బాగా గుణమిస్తుంది. నిరోధకశక్తి తగ్గినవారికి గడువు దాటినా ఇవ్వాలి. ఈ మందు మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది కాబట్టి మీవారికి మోతాదు లెక్క వేరు. మందుల షాపులో అడిగి కొనకండి.

ఇక మందులన్నీ ఆపమనడం పసరుకన్నా ప్రమాదం! పెట్టిన మూత్రపిండమే పాడైపోవచ్చు. స్టెరాయిడ్లు హఠాత్తుగా మానితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఏది తగ్గించాలన్నా మార్పిడి డాక్టర్లే చెప్పాలి.

కొన్నేళ్ళ క్రితం ఒక జిల్లా ఆస్పత్రిలో నేను పనిచేస్తుండగా, స్టెరాయిడ్లు వాడుతున్న ఒక పెద్దాయన నుదుటిమీద సర్పితో తొమ్మిదో రోజున వచ్చాడు. ముక్కు కొన మీద కూడా పొక్కులున్నాయి. ముక్కు కొనకూ కంటికీ వెళ్ళేవి ఒకే నరం కొమ్మలు. అక్కడ పొక్కు లేచిందంటే కంటి డాక్టరును ఆ రోజే చూడాలి. ఆయన మాత్రం రోజూ పసరు పూయించుకుంటూ కూర్చున్నాడు. ఆ కంట చూపు దక్కలేదు.

ఇంట్లో పొక్కులను చిదపకుండా శుభ్రమైన గుడ్డ కప్పి వుంచండి. స్నానం చేయవచ్చు, పథ్యం అక్కరలేదు. పొక్కులు పెచ్చుకట్టేదాకా గర్భిణులనూ, పసిపిల్లలనూ దూరంగా వుంచండి. ఆటలమ్మ రానివారికి ఈ పొక్కుల నీటివల్ల ఆటలమ్మే వస్తుంది. మానిన తరువాత కూడా నెలల తరబడి మంట వుంటే ఓర్చుకోనక్కరలేదు, దానికి వేరే మందులున్నాయి.

సర్పికి బతికున్న వైరస్ లేని టీకా 2023 నుంచి మన దేశంలో దొరుకుతున్నది. రెండు మోతాదులు; ఖరీదు ఎక్కువే. ఈ విడత పూర్తిగా తగ్గాక మీ డాక్టరుగారిని అడగండి.