పడుగు పేకల వంతెన

సూరత్ అనగానే ఎవరికైనా చీరలే జ్ఞాపకం వస్తాయి. తెలంగాణ జిల్లాల నుండి వలస వచ్చిన నేత కుటుంబాలు అనేకం ఈ నగరపు మరమగ్గాలను నమ్ముకుని జీవిస్తున్నాయి. పడుగు పేకల మర్మం వారికి ఒకరు చెప్పనవసరం లేదు. ఒంటి పోగు ఇట్టే తెగుతుంది. వేల పోగులు తగిన దిశలో కలిస్తే బట్ట బలంగా నిలుస్తుంది. ఈ సూత్రమే నేడు వంతెనల నిర్మాణంలోనూ ప్రవేశించింది.

సూరత్‌లో తపతీ నదిపై 1877లో హోప్ వంతెన వెలసింది. తరువాత మరెన్నో వచ్చాయి. 2018లో తీగల వంతెన కూడా ప్రారంభమైంది. అయితే సముద్రం చేరువలో ఉన్న ఊళ్లలో వంతెనకు ప్రధాన శత్రువు ఉప్పు. అది కాంక్రీటులోకి మెల్లగా ఇంకి ఇనుప కడ్డీని చేరుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, కాంక్రీటును లోపలి నుండి పగులగొడుతుంది.

ఈ బాధకు విరుగుడుగా వచ్చినవే గాజు పోగుల మిశ్రమ పదార్థాలు. పోగులను రెసిన్‌లో తడిపి, వేడి అచ్చు గుండా లాగి కడ్డీలుగా, పలకలుగా తయారు చేస్తారు. వీటికి తుప్పు పట్టదు. కడ్డీ బరువు ఉక్కులో సుమారు నాలుగో వంతు మాత్రమే. వాహనాలు నడిచే డెక్‌ను పూర్తిగా ఈ పలకలతోనే నిర్మిస్తే దాని బరువు బాగా తగ్గుతుంది. పాత వంతెనల స్తంభాలకు అది పెద్ద ఊరట.

చైనాలో బీజింగ్ సమీపాన మియున్ వద్ద 1982లోనే ఇటువంటి వాహన వంతెన నిర్మించారు. స్కాట్లాండ్‌లోని ఆబర్‌ఫెల్డీలో 1992లో వెలసిన 113 మీటర్ల కాలిబాట వంతెనలో డెక్, గోపురాలు గాజు పోగులవే. మన దేశంలో ఈ కడ్డీల వాడకానికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2022లో మార్గదర్శకాలు వెలువరించింది.

అయితే మెరిసేదంతా మేలిమి కాదు. ఉక్కు తెగే ముందు సాగి హెచ్చరిస్తుంది. గాజు పోగుల కడ్డీ అలా సాగదు, ఒక్కసారిగా తెగుతుంది. దాని బిగువు కూడా ఉక్కులో నాలుగో వంతు ప్రాంతమే కనుక వంతెన ఎక్కువగా వంగుతుంది. అగ్నికి రెసిన్ మెత్తబడుతుంది. పని స్థలంలో కడ్డీని వంచడానికి వీలులేదు. వంపులన్నీ కర్మాగారంలోనే రావాలి. కనుక ఉక్కు లెక్కలను అలాగే ఉంచి కడ్డీని మాత్రం మార్చడం ప్రమాదకరం. డిజైన్‌ను మొదటి నుండి కొత్తగా చేయాలి.

మరొక మాట. 2025 జూలై 9న వడోదర జిల్లాలో 1985 నాటి గంభీర వంతెన కూలి పలువురు ప్రాణాలు కోల్పోయారు. పదార్థం ఏదైనా తనిఖీ తప్పదని ఆ దుర్ఘటన చాటింది. తుప్పు పట్టని వంతెనకైనా అతుకులు, బేరింగులు, పైపూత ఉంటాయి. మగ్గంపై పోగు తెగితే నేతకాడు వెంటనే ఆపి ముడివేస్తాడు. వంతెనను కనిపెట్టి ఉండే ఇంజనీరుకూ ఆ చూపు అవసరం.