కొన్నవాడికి చలానా, బిగించినవాడికి గిరాకీ

హైదరాబాద్ నుంచి బెజవాడ వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి కోదాడ దాటాక గరికపాడు దగ్గర ఆంధ్రప్రదేశ్‌లోకి వస్తుంది. పాత లారీ డ్రైవర్లకు ఇది ఇప్పటికీ తొమ్మిదో నంబరు రోడ్డే. 2017 జులైలో జీఎస్టీ రాకముందు ఇక్కడి చెక్‌పోస్టులో సరుకు బిల్లులు చూపించుకోవడానికి లారీలు బారులు తీరేవి. రాష్ట్రం రెండయ్యాక పర్మిట్లు, పన్నులు అంటూ ఇంకొన్ని కాగితాలు తోడయ్యాయి. ఇన్నేళ్లుగా ఈ సరిహద్దులో జరిగిన తనిఖీ ముఖ్యంగా కాగితాలదే. బండి కింద తిరిగే రబ్బరు ఎంత అరిగిందో, బానెట్ కింద వైర్లు ఎలా ముడేశారో వంగి చూసినవాళ్లు తక్కువ.

ఆ అలవాటు కార్ల యజమానులకూ పట్టింది. సీ-బుక్కు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్టు ఉంటే చాలు, కారు సక్రమంగా ఉన్నట్టే లెక్క. లక్షలు పోసి కొన్న కారుకు ఆ తర్వాత డబ్బు పెట్టేది లైట్ల మీద, సౌండు మీద, బంపర్ గార్డు మీద, వెడల్పాటి టైర్ల మీద. నాలుగు ప్రాణాల భారం మోసే టైర్లో గాలి కొలుచుకోవడానికి చిన్న మీటరు కొనడం మాత్రం తోచదు. ఈ తప్పును పూర్తిగా యజమాని మీదకు నెట్టడం న్యాయం కాదని నా వాదన. చట్టం వద్దన్న వస్తువును షాపులో బాహాటంగా అమ్మనిచ్చి, దాన్ని కొన్నవాడిని రోడ్డు మీద ఆపే పద్ధతి ఉన్నంతకాలం ఈ రహదారి మీద బళ్లు బాగుపడవు.

ముందు చట్టం సంగతి. జరిమానా ఎంత, ఎవరు వసూలు చేస్తారు అన్నది రాష్ట్రాన్నిబట్టి మారవచ్చుగానీ, బండి ఎలా ఉండాలన్నది కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెబుతాయి. కాబట్టి కోదాడలో తప్పయినది జగ్గయ్యపేటలో ఒప్పు కాదు. 1988 నాటి చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, ఇలాంటి మార్పులకు వెసులుబాటిచ్చిన కేరళ హైకోర్టు తీర్పును కొట్టేసి, ఈ మాటే గట్టిగా చెప్పింది. దాంతో కారుకు ఏం బిగించినా నేరమేనన్న ప్రచారం మొదలైంది. అది నిజం కాదు. ఆమోదం ఉన్న సీఎన్‌జీ కిట్ పెట్టించి సీ-బుక్కులో రాయించుకోవచ్చు. రంగు మార్చి నమోదు చేయించుకోవచ్చు. దివ్యాంగులు తమకు వీలుగా బండిని మార్పించుకోవడానికి చట్టమే దారి చూపింది. అసలు ప్రశ్న ఒక్కటే: ఈ మార్పు తర్వాత బండి, ప్రభుత్వం పరీక్షించి ఆమోదించిన బండిగానే ఉందా? అనుమతి లేని మార్పు చేసిన యజమానికి, 2019 సవరణతో వచ్చిన 182-ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు.

టైర్ల దగ్గర ఈ ప్రశ్న మరీ సూటిగా ఉంటుంది. మెట్ట ప్రాంతపు ఎండ అందరికీ తెలిసిందే. మే నెలలో నందిగామ, జగ్గయ్యపేటల్లో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. తారు అంతకన్నా బాగా కాగుతుంది. ఈ కాలంలో టైరు పేలితే గాలి ఎక్కువై పేలిందంటారు. అందుకే ఎండాకాలం రాగానే నాలుగు పాయింట్లు తగ్గించి కొట్టిస్తారు. ఇది ప్రమాదకరమైన అపోహ. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టుకూ పక్కగోడ దగ్గర వంగి లేస్తుంది. ఆ వంగడంలోనే వేడి పుడుతుంది. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో రెండు గంటలు నడిస్తే ఆ వేడికి లోపలి దారాల పొరలు రబ్బరును వదిలేస్తాయి. పేలుడు అక్కడ మొదలవుతుంది. గాలి ఎప్పుడూ చల్లటి టైరులోనే, పొద్దున్నే, కారు కదలకముందు చూసుకోవాలి. చల్లగా ఉన్నప్పుడు 33 ఉన్న టైరు దూరప్రయాణంలో 37, 38 చూపించడం సహజం. అది చూసి దాబా దగ్గర ఆగి గాలి వదిలితే, మర్నాటికి ఆ టైరులో ఉండాల్సినంత గాలి ఉండదు. ఎంత ఉండాలన్నది డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీద ఉంటుంది. ఖాళీ బండికి ఒక లెక్క, నిండు బండికి ఇంకో లెక్క. సంక్రాంతికి వచ్చి తిరుగు ప్రయాణంలో డిక్కీ నిండా బియ్యం బస్తాలు, పచ్చళ్ల జాడీలు వేసుకుని అయిదుగురు కూర్చునే కారుకు రెండో లెక్క వర్తిస్తుంది. దాన్ని పట్టించుకునేవాళ్లు చాలా తక్కువ. నైట్రోజన్ గురించి కూడా ఒక మాట. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. కొట్టించుకుంటే నష్టం లేదు, కానీ కొట్టించాం కదా అని నెలల తరబడి చూసుకోకపోతే నష్టమే.

అరుగుదలకు చట్టం పెట్టిన హద్దు కార్లకు 1.6 మిల్లీమీటర్లు, బైకులకు, ఆటోలకు 0.8. దీన్ని కొలవడానికి పరికరం అక్కర్లేదు. టైరు గాడుల అడుగున అక్కడక్కడా అడ్డంగా చిన్న దిమ్మలుంటాయి. పైరబ్బరు అరిగి ఆ దిమ్మలతో సమానమైతే ఆ టైరు పని అయిపోయినట్టే. నన్నడిగితే అంతదాకా ఆగకూడదు. వానలో టైరు కింది నీళ్లను పక్కకు తోసేవి ఆ గాడులే. అవి లోతు తగ్గితే టైరు నీటి మీద తేలుతుంది, అప్పుడు బ్రేకు కొట్టినా స్టీరింగు తిప్పినా లాభం లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో పాలేరు పొంగి గరికపాడు దగ్గర రోడ్డే కోసుకుపోయి రాకపోకలు ఆగిన సంగతి ఎవరూ మర్చిపోలేదు. అంతటి వరద ఎప్పుడో వస్తుంది. రోడ్డు మీద అంగుళం నీళ్లు నిలిచే వాన మాత్రం ప్రతి ఏడూ వస్తుంది.

టైరు పుట్టిన తేదీ దాని మీదే ఉంటుంది. పక్కగోడ మీద నాలుగంకెల సంఖ్యలో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారం. గాడులు నిండుగా ఉన్నా అయిదారేళ్లు దాటిన టైరును ఏటా పరీక్ష చేయించాలి. హైదరాబాద్‌లో ఎక్కువగా సెల్లార్లో నిలబడి, పండక్కి మాత్రమే హైవే ఎక్కే కార్లకు ఇది ముఖ్యం. వాటి టైర్లు అరగవు, ఎండి పగుళ్లు ఇస్తాయి. స్టెపినీ సంగతీ అంతే. రెండే కొత్త టైర్లు కొంటే అవి వెనక వేయించండి. ముందు వేయడం ఆనవాయితీగానీ, తడి రోడ్డు మీద వెనక చక్రాలు పట్టు తప్పితే బండి గిర్రున తిరిగిపోతుంది. ముందు చక్రాలు జారినప్పుడు వేగం తగ్గిస్తే దారికి తెచ్చుకునే వీలు కొంతైనా ఉంటుంది.

సైజు మార్చడం కుర్రాళ్ల ముచ్చట. లెక్క చూస్తే ముచ్చట తగ్గుతుంది. 185/65 ఆర్15 టైరు వ్యాసం సుమారు 621 మిల్లీమీటర్లు. దాని బదులు 205/65 ఆర్15 వేస్తే సుమారు 647 అవుతుంది, అంటే నాలుగు శాతం పెద్దది. స్పీడోమీటరు పాత చుట్టుకొలతతోనే లెక్కేస్తుంది కాబట్టి, ముల్లు చూపించేదానికన్నా బండి నాలుగు శాతం వేగంగా పోతుంది. చక్రాల తిరుగుడును కొలిచి బ్రేకు పట్టించే ఏబీఎస్‌ను కూడా పాత సైజుకే సరిచూసి ఉంటారు. అదే మోడల్లో పై వేరియంటుకు కంపెనీ ఇచ్చిన సైజు వేసుకుంటే చిక్కు ఉండదు. అప్పుడు కూడా బరువు మోసే సూచిక తగ్గకుండా చూసుకోవాలి. టైరు మీద 88 అని ఉంటే అది 560 కిలోలు మోస్తుందని అర్థం.

ఇక కరెంటు పనులు. అదనపు లైట్లు వేయించుకునేవాడి భయాన్ని నేను తీసిపారేయలేను. రాత్రిపూట ఈ రోడ్డు మీద వెనక లైటు లేని ట్రాక్టరు ట్రక్కులు, రోడ్డు పక్కన ఆపిన లారీలు ఎంతమందిని పొట్టనబెట్టుకున్నాయో! 2014 డిసెంబరు 6న సినీ నిర్మాత నందమూరి జానకిరామ్ ప్రాణం పోయింది ఈ రహదారి మీదే, కోదాడకు అవతల ఆకుపాముల దగ్గర, ట్రాక్టరును ఢీకొని. వెలుగు కావాలన్న కోరిక సబబైనదే. దానికి ఎంచుకుంటున్న మార్గం తప్పు. మామూలు హాలోజెన్ హెడ్‌లైటు వెనక అద్దాన్ని, బల్బులో తీగ ఎక్కడ వెలుగుతుందో దాన్నిబట్టి తీర్చి చేస్తారు. అందులో చవక ఎల్‌ఈడీ బల్బు దూరిస్తే వెలుగు పుట్టే చోటు మారి, కాంతి రోడ్డు మీద పడకుండా చెదిరి ఎదుటివాడి కళ్లలో పడుతుంది. డిప్ వేసినా దించినట్టుండదు. ఎదుటివాడు గుడ్డివాడైన ఆ మూడు సెకన్లు మనకూ ప్రమాదమే. పాతబడి పసుపెక్కిన హెడ్‌లైటు పైతొడుగును పాలిష్ చేయించి, కిరణం ఎత్తు సరిచేయించి, మంచి కంపెనీ హాలోజెన్ బల్బు వేయిస్తే చాలామంది అవసరం తీరిపోతుంది.

వాటేజి పెంచడంలో ఇంకో గండం ఉంది. 60 వాట్ల బల్బు 12 వోల్టుల మీద 5 ఆంపియర్లు లాగుతుంది. 100 వాట్లది ఎనిమిది దాటి లాగుతుంది. కంపెనీ వైరు మొదటి లెక్కకే సన్నగా వేసింది. వైరు కాగి, హోల్డరు కరిగి, ఫ్యూజు కొడుతుంటే ఇంకా పెద్ద ఫ్యూజు వేసే మెకానిక్కులున్నారు. ఫ్యూజు తెగడం బండి చేసే హెచ్చరిక. దాని నోరు మూయిస్తే నిప్పే గతి. కారుకు ఏ వస్తువు బిగించినా సొంత ఫ్యూజు, రిలేతో, వైరు కోయకుండా కప్లరు ద్వారా బిగించమని అడగండి. ఇన్సులేషన్ టేపు చుట్టి సరే అనిపించే చోట కారు ఇవ్వకండి. బయట వేయించిన సెంట్రల్ లాకింగు ఉన్న కార్లలో షార్ట్ సర్క్యూట్ అయితే తలుపులు తెరుచుకోకపోవచ్చు. అద్దం పగలగొట్టే చిన్న సుత్తి డిక్కీలో కాదు, చేతికందే చోట ఉండాలి.

బంపర్ గార్డును కేంద్రం 2017 డిసెంబరులోనే వద్దని రాష్ట్రాలకు రాసింది. ఢీకొన్నప్పుడు కారు ముందుభాగం నలిగి దెబ్బను మింగాలి. ఆ దెబ్బ తీరును పసిగట్టే సెన్సార్లు ఎయిర్‌బ్యాగును విప్పాలి. ఛాసిస్‌కు బోల్టు వేసిన ఇనుప గొట్టం ఈ రెంటినీ చెడగొడుతుంది, కాలినడకన పోయేవాడి కాలూ విరగ్గొడుతుంది. దీనికన్నా ఘోరమైనది సీటుబెల్టు మోత ఆపడానికి అమ్మే క్లిప్పు. 2022 సెప్టెంబరులో వెనక సీట్లో బెల్టు లేకుండా ప్రయాణించిన పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మరణించాకగానీ ఈ క్లిప్పు మీద దేశం దృష్టి పడలేదు. 2023లో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆన్‌లైన్ అమ్మకందార్లకు దాన్ని తీసేయమని ఆదేశాలిచ్చింది. రోడ్డు పక్క దుకాణాల దాకా ఆ ఆదేశం సరిగా చేరనే లేదు.

వరద కార్ల గురించి చెప్పకుండా ఉండలేను. బుడమేరు ముంచిన 2024 సెప్టెంబరులో బెజవాడలో నీళ్లు తాగిన కార్లు ఎన్నో. అలాంటివి కడిగి, సీట్లు మార్చి, సెకండ్ హ్యాండ్ మార్కెట్లో ఏ ఊరికైనా చేరవచ్చు. ఇంజిన్ బాగానే మోగుతుంది. కప్లర్లలో మాత్రం పచ్చటి తుప్పు నెమ్మదిగా పనిచేస్తూ ఉంటుంది. కొనేముందు సీటుబెల్టు మొత్తం బయటికి లాగి చివర బురద మరక ఉందేమో చూడండి. స్టెపినీ గుంటలో తుప్పు చూడండి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి, కొద్ది సెకన్లలో ఆరిపోవాలి. అసలు వెలగకపోతే దాని తీగ ఎవరో కోసేశారేమోనని అనుమానించాలి.

నల్ల ఫిల్ముల విషయంలో కొంత అయోమయం ఉన్న మాట వాస్తవం. 2012లో సుప్రీంకోర్టు ఫిల్ములన్నీ వద్దంది. ఆ తర్వాత నియమాలు మారాయి. ముందు వెనక అద్దాల్లో 70 శాతం, పక్క అద్దాల్లో 50 శాతం వెలుగు సాగితే ఫిల్ము తప్పు కాదని 2024లో కేరళ హైకోర్టు చెప్పింది. రోడ్డు మీద ఆపే కానిస్టేబుల్ చేతిలో వెలుగు కొలిచే మీటరు ఉండదు కాబట్టి, ఆ వాదన అక్కడ పనికిరాదు. నా సలహా ఫిల్ము జోలికి పోవద్దనే.

ఇప్పుడు అసలు బాధ్యుల సంగతి. అదే 182-ఏ సెక్షన్, నియమాలకు విరుద్ధంగా మార్చిన బండిని అమ్మిన డీలరుకు బండికి లక్ష రూపాయల జరిమానా, ఏడాది దాకా జైలు అంటుంది. ప్రాణరక్షణకు కీలకమని ప్రకటించిన విడిభాగాన్ని ప్రమాణాలు లేకుండా అమ్మినవాడికీ విడిభాగానికి లక్ష అంటుంది. చట్టం దృష్టిలో అమ్మినవాడి తప్పు కొన్నవాడి తప్పుకు ఇరవై రెట్లు. రోడ్డు మీద జరిగేది దీనికి తలకిందులు. సైలెన్సరు మార్చిన కుర్రాడిని ఆపి, దాన్ని పీకించి, రోడ్డు రోలరుతో తొక్కించి ఫొటో దిగుతారు. అది అమ్మిన దుకాణం మర్నాడు మామూలుగానే తెరుచుకుంటుంది. షోరూములోనే బిల్లు వేసి బంపర్ గార్డు బిగిస్తే, అది చట్టవిరుద్ధమని కొనేవాడికి ఎలా తెలుస్తుంది? కంపెనీవాడే వేశాడు కదా అన్న నమ్మకంతో డబ్బు కట్టినవాడు ఆ తర్వాత చలానా కట్టాలి, ప్రమాదం జరిగితే బీమా కంపెనీతో పేచీ పడాలి.

బీమా విషయంలో యజమాని చేయగలిగింది ఉంది. కంపెనీ ధరలో లేని స్టీరియో, కెమెరా లాంటివి బయట వేయిస్తే వాటి విలువ పాలసీలో రాయించాలి. విలువలో 4 శాతం అదనపు ప్రీమియం ఉంటుంది. సీఎన్‌జీ కిట్టుకూ అలాగే. రాయించని వస్తువు పోతే పైసా రాదు. పెద్ద మార్పులు దాచిపెడితే మొత్తం క్లెయిమే చిక్కుల్లో పడవచ్చు. సీఎన్‌జీ సిలిండరుకు మూడేళ్లకోసారి పరీక్ష తప్పనిసరి.

రవాణా శాఖ చేయాల్సినదానికి కొత్త చట్టం అక్కర్లేదు. సంక్రాంతికి ముందు వారం చిల్లకల్లు, కీసర టోల్‌గేట్ల పక్క స్థలంలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్లు గాలి మీటరు, గాడి లోతు కొలిచే గేజి పట్టుకుని నిలబడవచ్చు. మొదటిసారి చలానా రాయకుండా, టైరు ఎన్ని మిల్లీమీటర్లుందో చీటీ మీద రాసిస్తే చాలు, ఆ అంకె చూసిన కుటుంబం మెకానిక్ దగ్గరకు తనంతట తానే వెళుతుంది. మార్పు చేసిన బండి దొరికినప్పుడు యజమాని పేరుతోపాటు బిగించిన దుకాణం పేరు, బిల్లు వివరాలు కూడా నమోదు చేసి, ఆ దుకాణానికి ముందు నోటీసు వెళ్లేలా చూడాలి. నందిగామ, జగ్గయ్యపేట షోరూముల్లో ఏ యాక్సెసరీకి ఆమోదం ఉందో, దేనికి లేదో తెలుగులో బోర్డు పెట్టించాలి. బోర్డు పెట్టని డీలరుకు, రోడ్డు మీద ఎవరి బండీ ఆపకముందే, 182-ఏ ఏం చెబుతుందో తెలియజేయాలి.