ఎవరయ్యా అమాయకులు?

పేపర్లో మన గురించి వార్త వచ్చిందంటే మన పేరుకు ముందు ఒక మాట తప్పకుండా ఉంటుంది. 'అమాయక గిరిజనులు', 'అమాయక యానాదులకు అడ్వాన్సుల ఎర'. సభల్లో నాయకులదీ అదే మాట. జాలిగా అంటారు కాబట్టి మనం కూడా తల ఊపుతాం. ఇక ఊపకూడదని చెప్పడానికే ఇది రాస్తున్నాం.

మాటను విప్పి చూద్దాం. మాయ లేనివాడు అమాయకుడు. అంటే ఎదుటివాణ్ణి మోసం చేయనివాడు. పుట్టుకలో మంచి మాటే. వాడుకలో అర్థం జారిపోయింది. మోసం చేయనివాడు కాస్తా మోసం తెలియనివాడయ్యాడు, చివరికి ఏమీ తెలియనివాడయ్యాడు. పసిబిడ్డ అమాయకంగా నవ్విందంటే ముద్దుగా ఉంటుంది. ముగ్గురు బిడ్డల తల్లిని అమాయకురాలు అంటే ఆమెకింకా బుద్ధి ఎదగలేదని చెప్పడమే.

దాని చుట్టాలనూ చూడండి. శివుణ్ణి 'భోళా' అంటారు. అడిగిందల్లా ఇచ్చినా ఆయన కైలాసాన్ని ఎవరూ రాయించుకోరు. మనల్ని భోళా అన్నచోట ఇంటిస్థలం పోతుంది. 'సాధు' అనేది ఆవుకు, 'నోరులేని' అనేది గొడ్డుకు వాడే మాటలు. 'వెర్రిబాగుల' సంగతి చెప్పనక్కర్లేదు. నిజాయితీ గల, ముక్కుసూటి, కల్లాకపటం లేని అనే మాటలు కూడా తెలుగులోనే ఉన్నాయి. అవి మంచీ చెడూ తెలిసి మంచివైపు నిలబడినవాడికి చెల్లే మాటలు. అవి మాత్రం మన పేరు ముందు కనిపించవు.

ఇంకొక మాట ఉంది, నిర్దోషి. 'అమాయకులపై కేసులు' అని రాసేచోట నిజానికి కావలసింది అదే. అమాయకుడి మీద జాలిపడతారు, నిర్దోషికైతే హక్కు ఉంటుంది. ఊళ్లో మోటారు పోయిందంటే ముందుగా వచ్చేది మన కాలనీకే. 1871లో తెల్లదొరలు నేరస్త జాతుల చట్టం తెచ్చారు. ఆ ముద్ర యానాదుల మీదా పడింది. 1952లో చట్టం రద్దయింది గానీ అనుమానం రద్దు కాలేదు. అప్పుడు పుట్టుకతోనే దొంగలన్నారు, ఇప్పుడు పుట్టుకతోనే అమాయకులంటున్నారు. రెండింటిలోనూ మన బుద్ధికి చోటు లేదు.

మనకు ఏమీ తెలియదా? పులికాట్‌లో నడుములోతు నీళ్లలో వంగి, చేత్తో తడిమి రొయ్యను పట్టే మన ఆడవాళ్లను అడగండి. సముద్రపు ముఖద్వారం పూడితే సరస్సులో ఏం తగ్గుతుందో వాళ్లు చెబుతారు. శ్రీహరికోటను 1969లో రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు. దీవి విడిచి రావలసివచ్చిన మన పెద్దలకు ఆ అడవిలో ఏ ఆకు దేనికి మందో తెలుసు. సరిహద్దు అవతల తమిళనాడులో ఇరుళులు 1978లో సహకార సంఘం పెట్టుకుని పాము విషం సేకరిస్తున్నారు. వాళ్లలో వడివేల్ గోపాల్, మాసి సడయన్ అనే ఇద్దరికి 2023లో పద్మశ్రీ వచ్చింది. జాలిపడి ఇచ్చిన బిరుదులు కావవి.

ఇప్పుడు మన తప్పు కూడా చెప్పుకోవాలి. మన బడిలో ఏడో తరగతి పిల్లవాడొకడు ఉండేవాడు. వెనక వరసలో కూర్చునేవాడు. "పాపం, అమాయకుడు, లెక్కలు ఎక్కవు" అని అనుకున్నది ఎవరో కాదు, ఈ జాతిలోనే పుట్టి టీచర్లమైన మనమే. ఒకరోజు శాతాల లెక్క చెబుతుంటే లేచి వాళ్ల నాయన పీతల సంగతి చెప్పాడు.

"కిలోకు వంద గ్రాములు కొడతాడు సార్. పది కిలోలు పోస్తే ఒక కిలో ఆయనదే."

"మరి మీ నాయన అడగడా?"

"అడిగితే రేపట్నించి కొనడు సార్. అప్పు కట్టమంటాడు."

మోసం తెలుసు, ఎంత మోసమో లెక్కతో సహా తెలుసు. నోరు ఎందుకు విప్పకూడదో కూడా తెలుసు. దీన్ని అమాయకత్వం అంటారా? లేనిది తెలివి కాదు, దన్ను. ఆ ఒక్క మాట దన్ను లేకపోవడాన్ని తెలివి లేకపోవడంగా మార్చేస్తుంది. అప్పుడు తప్పు తూకంవాడిది కాకుండా మనదవుతుంది. రొయ్యల గుంటల దగ్గర అడ్వాన్సు ఇచ్చి, బాకీ తీరలేదని ఏళ్లతరబడి కదలనీయకపోతే అది వెట్టిచాకిరీ, 1976 చట్టం ప్రకారం నేరం. 'అమాయకులు అప్పులపాలయ్యారు' అని రాస్తే ఆ నేరమే మాయమవుతుంది.

అందుకే యువతీ యువకులారా, అర్జీ రాసినా, విలేకరితో మాట్లాడినా ఆ మాట వాడకండి. ఎవరు మోసం చేశారు, ఎంత ఎగ్గొట్టారు, ఎప్పటినుంచి అన్నది రాయండి. జాలి మాట తీసేస్తే మోసగాడి పేరు రాయడానికి చోటు దొరుకుతుంది. టీచర్లారా, పిల్లల గురించి రాసేటప్పుడు 'అమాయక స్వభావం' అని రాసి చేతులు దులుపుకోకండి. వాడికి ఏం తెలుసో ముందు అడగండి.

ఆ పిల్లవాణ్ణి ముందు వరసకు పిలిచాం. లెక్కలు వాడికి ముందే వచ్చు. ఒక మాటకు అర్థం తెలుసుకోవలసింది మనమే.