మొలక చూసి విత్తే ఊరివాళ్లం

మా చిలమత్తూరు పిల్లలు డిగ్రీనో బీటెక్కో అయిపోగానే కొడికొండ చెక్‌పోస్టులో బెంగళూరు బస్సెక్కుతారు. ఎక్కేముందు ప్రతివాడికీ ఎవరో ఒకరు చెప్పే మాట ఒకటుంది: "కోడింగ్ రాదా? టెస్టింగ్‌లో చేరు. మూడు నెలల కోర్సు చేసి సెలీనియం టూల్ నేర్చుకుంటే చాలు." ఇది తప్పుడు సలహా. ఏళ్ల తరబడి ఆ పనే చేస్తున్నవాణ్ణి, విని ఊరుకోలేను.

1979లో గ్లెన్‌ఫోర్డ్ మయర్స్ 'ది ఆర్ట్ ఆఫ్ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్' అనే పుస్తకం రాశాడు. మూడు సంఖ్యలు ఇస్తే అవి ఏ రకం త్రిభుజానికి భుజాలో చెప్పే ప్రోగ్రాం ఒకటి ఉంది, దాన్ని ఎట్లా పరీక్షిస్తారో రాయండని మొదట్లోనే అడుగుతాడు. మొత్తం 14 మార్కులు. ఆరితేరిన ప్రోగ్రామర్లకే సగటున 7.8 వచ్చాయట. కోడింగ్‌లో ఆరితేరినవాళ్లే సగం దాటి కాస్త ముందుకు పోయి ఆగిపోతే, ఇది కోడింగ్ రానివాళ్లకు వదిలేసే పని ఎట్లా అవుతుంది? రాసినవాడికి తన ప్రోగ్రాం నడవాలని ఉంటుంది. ఆ ఆశే కళ్లకు అడ్డం పడుతుంది.

పరీక్షించేవాడికి కావలసిన అనుమానపు చూపు మన ఊరికి కొత్తది కాదు. విత్తనానికి పెట్టుకున్న చెనిక్కాయలను మా నాన్న ఏనాడూ నమ్మి విత్తలేదు. మూట పైనుంచి, నడుమనుంచి, అడుగునుంచి తీసి ఒలిచి, నూరు పప్పులు లెక్కపెట్టి తడి గోనెపట్టలో చుట్టేవాడు. ఆరకుండా నీళ్లు చల్లుతూ వారం ఆగి, విప్పి మొలకలు లెక్కపెట్టేవాడు. అడుగు పప్పులు ఎందుకంటే, చెమ్మ తగిలేది అక్కడే. వాన ఒక్కసారే పదునిచ్చే నేల మాది, మొలవకపోతే రెండోసారి విత్తడానికి అదునుండదు. టెస్టర్‌కు కావలసింది సరిగ్గా ఇదే: చెడిపోయే చోటు ముందుగా ఊహించడం, అక్కడే చెయ్యి పెట్టడం.

పనిముట్టు ఆ ఊహను ఇవ్వదు. సెలీనియం మనం చెప్పిన మీటలు నొక్కుతుంది, చెప్పనివి నొక్కదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా సంస్థ పంపిన ఒక్క అప్‌డేట్‌తో 85 లక్షల కంప్యూటర్లు పడిపోయాయి. 20 విలువలు అందే చోట 21వ దాన్ని వెతికింది ప్రోగ్రాం. పరీక్షలు లేక కాదు. ఆ 21వ గడిలో ఏదున్నా సరేనన్నట్టు పెట్టి పరీక్షించారు, అందుకే అది బయటపడలేదు.

అంత దూరం పోనక్కర్లేదు. మా బంధువు ఒకతనికి ఇంటిపేరంటే ఒక్క అక్షరమే. ఆన్‌లైన్ ఫారం ఒకటి కనీసం రెండు అక్షరాలుండాలని మొండికేసింది. అదే అక్షరం రెండుసార్లు కొట్టి పంపాడు. ఆధార్‌తో పేరు కలవలేదని దరఖాస్తు తిరిగొచ్చింది. మన పేర్లు తెలిసిన టెస్టర్ ఒక్కడుంటే ఐదు నిమిషాల్లో పట్టేవాడు.

ఆ చూపుతో పాటు టెస్టర్‌కు కోడ్ చదవడం రావాలి, డేటాబేస్‌ను అడగడం రావాలి. ఏ ఫోన్‌లో, ఏం కొడితే, ఏం రావలసింది ఏమొచ్చిందో ఎదుటివాడు మళ్లీ చేసి చూసుకునేంత స్పష్టంగా రాయడం రావాలి. మూడు నెలల్లో అయ్యేవి కావివి.

మొన్న పండక్కి వెళ్తే ఒక పిల్లవాడు వచ్చి, "అన్నా, ఏ కోర్సులో చేరమంటావు?" అన్నాడు. త్రిభుజం లెక్క చెప్పి రాసుకురమ్మన్నాను. నాలుగు రాసి తెచ్చాడు. "మూట అడుగు చూశావా?" అన్నాను. పొద్దుగూకే వేళకి కాగితం వెనకవైపు కూడా నింపుకొచ్చాడు: సున్నా, మైనస్ సంఖ్య, సంఖ్య బదులు అక్షరం. చివర్న ఒకటి, రెండు, మూడు అని రాసి, కింద గీత గీసి, "ఇది త్రిభుజమే కాదు కదన్నా?" అని అడిగాడు.