సిక్కోల్లో చేపలకి హీటరా?

రీఫ్ ట్యాంక్ కోసం హీటర్ కొంటున్నానని చెప్పి చూడండి, మనవైపు ఇంట్లోవాళ్లు ముందు నవ్వుతారు. "మేలో మనమే ఉడికిపోతుంటే చేపలకి హీటరేంట్రా?" అంటారు. ఆ నవ్వులో సగం న్యాయముంది. మిగతా సగం జనవరి తెల్లవారుజామున తెలుస్తుంది. శ్రీకాకుళం, విజయనగరాల్లో ఆ వేళకి బయట 17, 18 డిగ్రీలకి దిగడం మామూలే. కిటికీ పక్కన ట్యాంక్ ఉంటే నీళ్లు కూడా చల్లబడతాయి. పగడాలకీ, క్లౌన్ ఫిష్‌లకీ కావల్సింది 25 నుంచి 27 డిగ్రీలు. పగలు 28, రాత్రి 22 అని రోజూ ఊగిసలాడితే చేప నీరసపడుతుంది, తెల్లమచ్చల జబ్బు తగులుకుంటుంది.

కాబట్టి హీటర్ కావాలి. కానీ రెండు నెలలకే. ఎంత పెద్దది కొనాలి అన్న దగ్గరే మనవాళ్లు పొరపడతారు.

నెట్‌లో చూస్తే లీటరుకి ఒక వాట్ అంటారు. మంచు పడే దేశాల్లో పుట్టిన లెక్క అది. 200 లీటర్ల ట్యాంక్‌కి 200 వాట్లు, ఎందుకైనా మంచిదని 300 వాట్లు కొనేస్తారు. మన ఇళ్లలో చలికాలం రాత్రి గది 20, 22 డిగ్రీలుంటుంది. ఎక్కించాల్సింది నాలుగైదు డిగ్రీలే. మోటార్లు, లైట్లు కొంత వేడి ఎలాగూ ఇస్తాయి. 200 లీటర్లకి 100 వాట్లు చాలు. అదీ ఒకటి కాదు, 50 వాట్లవి రెండు.

ఎందుకంటే హీటర్ పాడయ్యే తీరు రెండు రకాలు. అసలు వెలక్కపోవడం ఒకటి. అది ఫర్వాలేదు, నీళ్లు మెల్లగా చల్లబడతాయి, మీరు చూసుకునే టైముంటుంది. రెండోది ఆగకపోవడం. లోపలి థర్మోస్టాట్ కాంటాక్టులు అతుక్కుపోతే ఇక కరెంటు ఉన్నంతసేపూ వేడెక్కిస్తూనే ఉంటుంది. 300 వాట్ల హీటర్ 200 లీటర్లని ఒక డిగ్రీ పెంచడానికి సుమారు 46 నిమిషాలు చాలు. అంటే 26 నుంచి 32కి ఐదు గంటల్లోపే. గాజులోంచి పోయే వేడి వల్ల కొంత ఆలస్యమవుతుంది గానీ, రాత్రి పడుకుని పొద్దున్న లేచేసరికి కథ అయిపోతుంది. అదే 50 వాట్లది అతుక్కుపోతే గదికంటే మూడు నాలుగు డిగ్రీలు పైకి తీసుకెళ్లి, అక్కడే ఆగిపోతుంది. దాని బలం అంతే. చలికాలంలో ఆ మాత్రానికి ఏ ప్రాణీ పోదు.

ఇక కంట్రోలర్. హీటర్‌లోని థర్మోస్టాట్‌ని నమ్మకుండా బయట ఇంకొకటి పెట్టడమే దీని పని. ఎస్‌టీసీ-1000 అనేది కొన్ని వందల్లో దొరుకుతుంది. కానీ అది ఒట్టి డబ్బా, వైరింగ్ మనమే చేయించుకోవాలి. ఉప్పునీళ్ల పక్కన వేలాడే వైర్లతో అలాంటి పని వద్దు, తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో పెట్టెలో బిగించి చేయించండి. ఇంక్‌బర్డ్ ఐటీసీ-308 లాంటిదైతే రెండు సాకెట్లతోనే వస్తుంది, ఒకటి వేడికి, ఒకటి చల్లదనానికి. మన వాతావరణానికి ఆ రెండో సాకెట్టే అసలు విలువ.

కంట్రోలర్‌ని 26కి, తేడాని అర డిగ్రీకి పెట్టండి. 25.5కి దిగితే హీటర్ వెలుగుతుంది, 26.5కి ఎక్కితే ఫ్యానో చిల్లరో తిరుగుతుంది. హీటర్ సొంత నాబ్‌ని మాత్రం 27 దగ్గర ఉంచండి. కంట్రోలర్‌లోని రిలే కూడా అతుక్కుపోగలదు మరి. అప్పుడు హీటర్ తనంతట తాను ఆగుతుంది. ఒకదానికి ఒకటి కాపలా.

సెన్సర్ వైరుని సంప్‌లో గట్టిగా కట్టేయండి, హీటర్‌కి దూరంగా. అది జారి బయటపడితే గది గాలిని కొలిచి, చల్లగా ఉందనుకుని హీటర్‌ని వెలిగిస్తూనే ఉంటుంది. కంట్రోలర్ ఎంత ఖరీదైనదైనా దీనికి మినహాయింపు లేదు.

వేసవికి వద్దాం. ట్యాంక్ మీద చిన్న ఫ్యాన్ పెడితే కుండలో నీళ్లు చల్లబడ్డట్టే చల్లబడతాయి. ఒక్క లీటరు ఆవిరైతే 200 లీటర్లలోంచి దాదాపు మూడు డిగ్రీల వేడి లాక్కుపోతుంది. రాజాం, పాలకొండ వైపు పొడిగాలికి ఇది బాగా పనిచేస్తుంది. కళింగపట్నం, భోగాపురం వైపు గాలిలోనే తేమ ఎక్కువ, ఆవిరి తక్కువ. అక్కడ మే నెల దాటాలంటే చిల్లర్ తప్పదు. ఆవిరైన నీటికి బదులు మంచినీళ్లే పోయాలి, అదీ ఆర్వోవి. ఉప్పు ఎక్కడికీ పోదు కాబట్టి ఉప్పునీళ్లు పోస్తే గాఢత పెరిగిపోతుంది.

నీళ్లు మామూలు వేసవి కంటే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువై కొన్ని వారాలుంటే, పగడాలు తమలోని నాచుని వదిలేసి తెల్లబోతాయి. సముద్రంలోనే ఇది జరుగుతోంది, 2024 ఏప్రిల్‌లో నాలుగోసారి ప్రపంచవ్యాప్త విపత్తుగా ప్రకటించారు. అన్నట్టు, మన దేశంలో రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, అంటే పులితో సమానం. ఎవరైనా సముద్రంలోంచి తెచ్చిన ముక్క చవగ్గా ఇస్తానంటే తీసుకోకండి. హేచరీలో పుట్టిన క్లౌన్ ఫిష్‌లతో మొదలుపెట్టండి.

కరెంటు విషయం వేరే చెప్పాలా? 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఊళ్లకి ఊళ్లే చీకట్లో ఉన్నాయి. అలాంటప్పుడు ముందు కావల్సింది హీటర్ కాదు, గాలి. ఇన్వర్టర్ మీద నీళ్లు తిప్పే మోటారు ఒక్కటే ఉంచండి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ ఒకటి అక్టోబర్‌కి ముందే కొనిపెట్టుకోండి. ట్యాంక్ లైనుకి 30 మిల్లీఆంప్‌ల ఆర్‌సీసీబీ వేయించండి. హీటర్ గాజు పగిలితే ఉప్పునీళ్లలోకి కరెంటు దిగుతుంది, అందులో చెయ్యి పెట్టేది మీరో, మీ ఇంట్లో చిన్నపిల్లలో.

మార్చి రాగానే హీటర్ ప్లగ్గు పీకి, పావుగంట చల్లారనిచ్చి బయటికి తీయండి. ఉప్పు కడిగి, తుడిచి దాచండి. గది 34 డిగ్రీలున్న రోజున అది అతుక్కుపోతే 50 వాట్లదైనా చంపేస్తుంది. మళ్లీ డిసెంబర్‌లో ముందు బకెట్ నీళ్లలో ముంచి, థర్మామీటరు పెట్టి, నాబ్ దగ్గర ఆగుతోందో లేదో ఒక పూట చూశాకే ట్యాంక్‌లోకి దించండి.